ముందు టికెట్

బస్సు చివరి సీటులో ఆదమరిచి నిద్రపోతున్నవాణ్ని కూడా లేపి కూర్చోబెట్టగల గొంతు మామగారిది. కండక్టరు ఉద్యోగం నుంచి ఆయన రిటైరై ఏళ్లు గడిచాయి కానీ ఆ గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. కోడలి లాండ్రీలో కౌంటర్ దగ్గర కూర్చుని "ఎవరండీ ఇంకా చీటీ తీసుకోనిది?" అన్నారంటే, ఎదురుగా మందుల షాపులో నిలబడ్డవాళ్లు కూడా ఒకసారి జేబులు తడుముకుంటారు. అలాంటి మనిషి నాలుగు రోజులుగా ఫోన్ మోగగానే లేచి, వేలాడుతున్న కోట్ల వెనక్కి వెళ్లి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడుతుంటే కోడలికి అనుమానం రాక ఏమవుతుంది?

ఆ పూట ఆమె చేతిలో హోటల్ మేనేజరు గారి నల్ల కోటు ఉంది. భుజం కింద మెత్త పెట్టి, ఆవిరి పట్టించి, ఆ వేడి చల్లారేలోపు అరచేత్తో అదిమి ఆకారం తేవాలి. చెయ్యి తీస్తే కుదరదు. చెవి మాత్రం ఖాళీయే కదా. కోట్ల వెనకనుంచి మాటలు ముక్కలు ముక్కలుగా వినపడుతున్నాయి.

"అవునండీ... నేనేనండీ... షాపుకి మాత్రం రాకండి, మా కోడలమ్మాయి ఉంటుంది... చూస్తానండీ, ఎంతో కొంత చూస్తాను... పోలీసులదాకా ఎందుకండీ..."

పోలీసులనే మాట వినగానే ఆమె కోటు వదిలేసింది. మూడు అంగల్లో వెళ్లి కోట్లు పక్కకు తోసింది. మామగారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆమె చెయ్యి చాచింది. దొంగతనంగా మిఠాయి తింటూ పట్టుబడ్డ పిల్లాడిలా ఆయన ఫోన్ ఆ చేతిలో పెట్టేశారు.

"ఎవరండీ మాట్లాడేది?" అంది.

"మేడమ్, ఇది సార్‌కీ మాకూ మధ్య విషయం."

"సార్ ఇప్పుడు బిజీగా ఉన్నారు. విషయమేంటో నాకు చెప్పండి."

అవతలి గొంతు మర్యాదగానే ఉంది, నూనె రాసినట్టు జారుతోంది. సార్ పేరు మీద చాలా పాత బాకీ ఒకటుందట. వడ్డీకి వడ్డీ కలిసి ఇంతయిందట. ఆ అంకె వినగానే ఆమె మనసులో లెక్క వేసుకుంది. కొత్త ఆవిరి ఇస్త్రీ మెషీను కోసం మొగుడూ పెళ్లాలిద్దరూ కూడబెడుతున్న మొత్తానికి అది కాస్త ఎక్కువే తప్ప తక్కువ కాదు. "అంతా ఇప్పుడే కట్టమనడం లేదు మేడమ్. మంచి మనసుతో చిన్న మొత్తం కట్టి ఒక సంతకం పెడితే చాలు. శుక్రవారం మా మనిషి వస్తాడు. లేదంటే వ్యవహారం వేరే దారిలో వెళ్తుంది."

"వెళ్లనివ్వండి, దారి ఎటుందో మేమూ చూస్తాం," అని ఆమె ఫోన్ పెట్టేసింది. అప్పటికి ఆ దారి ఎటుందో ఆమెకూ తెలియదు. కోపం వస్తే ముందు మాట, తర్వాత ఆలోచన. ఆమె తీరే అంత.

"దేని బాకీ మామయ్యా?"

ఆయన గడ్డం ఎత్తి మూల వైపు చూపించారు. అక్కడ పాత ఫ్రిజ్ ఉంది. అది చల్లదనం మానేసి యుగాలయింది. తెల్లరంగు పాలిపోయి పసుపుపచ్చగా మారింది. తలుపు ఊడిపోకుండా గుడ్డపట్టీతో కట్టి, లోపలి అరల్లో మరకలు తీసే సీసాలు, బ్రష్షులు, దూది ఉండలు పెట్టుకుంటుంది ఆమె. పనిచేసినన్నాళ్లకంటే బీరువాగా మారాకే ఎక్కువ కాలం ఉపయోగపడింది పాపం.

"దీనికా!" అంది ఆమె, నవ్వాలో ఏడవాలో తెలియక.

*

కోర్టు భవనం వెనక భాగంలో, సైకిళ్లు పెట్టే చోటు పక్కన, డబ్బు తీసుకోకుండా సలహా చెప్పే గది ఒకటుందని లాండ్రీకి వచ్చే టీచరమ్మ చెప్పింది. మర్నాడు ఆమె షాపు మామగారికి అప్పగించి అక్కడికి వెళ్లింది. బల్ల వెనక కూర్చున్న లాయరమ్మ నల్లకోటు మోచేతుల దగ్గర మెరుస్తోంది. ఎక్కువ వేడి మీద, పైన గుడ్డ వేయకుండా ఇస్త్రీ చేస్తే అలాగే మెరుస్తుంది. ఇంకో రోజయితే ఆ ముక్క చెప్పకుండా ఉండలేకపోయేది.

లాయరమ్మ అంతా విని అడిగింది. "చివరిసారి ఎప్పుడు కట్టారు?"

"ఇప్పుడు లారీ మీద ఊళ్లు తిరుగుతున్న మా ఆయన, ఆ లారీ నేర్చుకోకముందు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో కొన్నారు ఆ ఫ్రిజ్. ఏడాది తిరక్కుండానే వాయిదాలు ఆగిపోయాయట."

"ఆ తర్వాత ఎక్కడైనా సంతకం పెట్టారా? కొంతైనా ఇచ్చారా?"

"లేదు. ఇప్పుడు ఇస్తారేమోనని నా భయం."

లాయరమ్మ కలం కింద పెట్టింది. "మీ భయం సరైనదే. చూడండమ్మా, బాకీ వసూలు చేసుకోవడానికి కోర్టుకు రావాలంటే ఒక గడువుంటుంది. మీరు చెప్పేదాన్నిబట్టి అది ఎప్పుడో దాటిపోయింది. బాకీ మాయమైపోయిందని కాదు. అడిగేవాడు అడగొచ్చు. కానీ కోర్టు చేత ఇప్పించుకోలేడు. అందుకే వాళ్లకి ఆ చిన్న మొత్తం మీద, సంతకం మీద అంత ప్రేమ. ఆయన 'అవును, ఈ బాకీ నాదే, కడతాను' అని రాసిచ్చారనుకోండి, చచ్చిన బాకీకి వాళ్లు మళ్లీ ప్రాణం పోసుకుంటారు. పాతది పోయి కొత్తది పుడుతుంది."

"మరి పోలీసులంటున్నారు?"

"ఇందులో పోలీసులకేం పని? అలా బెదిరించకూడదు. నలుగురిలో పరువు తీయకూడదు. వేళాపాళా లేకుండా ఫోన్లు చేయకూడదు. ఆధారాలు చూపించమని అడిగే హక్కు మీకుంది." ఒక తెల్లకాగితం లాక్కుని గబగబా రాసింది. "ఇది మీ మామగారి సంతకంతో రిజిస్టరు పోస్టులో పంపండి. ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు, ఆధారాలుంటే పంపండి, ఫోన్లు ఆపండి. అంతే. ఒక్క జాగ్రత్త. నిజంగా కోర్టునుంచి కాగితం వస్తే మాత్రం గడువు దాటిందిలే అని చెత్తబుట్టలో వేయకండి. వచ్చి ఆ మాట కోర్టులో చెప్పాలి. చెప్పకపోతే లేని బాకీ కూడా మెడకు చుట్టుకుంటుంది."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. లేవబోతుంటే లాయరమ్మ ఇంకో మాట అంది. "కట్టాలని ఆయనకు నిజంగా ఉంటే కట్టుకోవచ్చు. అది ఆయనిష్టం. కాకపోతే భయపడి కట్టకూడదు, తెలిసి కట్టాలి."

ఆ చివరి మాట ఆమెకు నచ్చలేదు. అనవసరంగా 'కట్టుకోవచ్చు' అనే ఆ కిటికీ ఎందుకు తెరిచిందీవిడ అనుకుంది. మిగతా మాటలతో కడుపు నిండి, దారిపొడుగునా తనలో తనే ఆ నూనె గొంతువాడితో వాదించి గెలుచుకుంటూ షాపుకు చేరింది.

*

మామగారు సంతకం పెట్టలేదు.

భోజనాలయ్యాక ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివారు. మడత విప్పినచోటే మళ్లీ మడిచి బల్ల మీద పెట్టేశారు.

"ఇది అబద్ధం కదమ్మా," అన్నారు.

"ఏది అబద్ధం?"

"ఒప్పుకోవడం లేదని రాసుంది. తీసుకున్నానా లేదా? తీసుకున్నాను. పాలు విరిగిపోతున్నాయని నువ్వొకసారి అన్నావు, గుర్తుందా? వంటింట్లో నీలో నువ్వే అనుకున్నావు. నేను విన్నాను. ఆ సాయంత్రమే వెళ్లి ఫ్రిజ్‌కి సంతకం పెట్టొచ్చాను."

ఆమెకు ఆ సంగతి గుర్తు లేదు. పాలు విరగడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే, ఎవరైనా అనుకునేదే. అంత చిన్న మాట పట్టుకుని ఆయన అంత పెద్ద వస్తువు తెచ్చారని ఇన్నేళ్లకు తెలిసింది. ఒక్క క్షణం వాదన మరిచిపోయింది.

"తర్వాత సమ్మె వచ్చింది. నెలల తరబడి జీతాల్లేవు. వాయిదా ఆగింది. సమ్మె అయ్యాక డబ్బు పట్టుకుని ఆ షాపుకి వెళ్లాను. షట్టర్ దించి ఉంది. మళ్లీ వెళ్లాను. అప్పటికి బోర్డు కూడా పీకేశారు. ఆ షాపు పెద్దాయన ఎక్కడికెళ్లాడో పక్కవాళ్లకీ తెలీదు. అప్పట్నుంచీ..." అని ఆయన ఛాతీ మీద వేళ్లతో తట్టుకున్నారు, అక్కడేదో ఇరుక్కున్నట్టు.

"మరింకేం! మీరు ఎగ్గొట్టలేదు. తీసుకునేవాడే లేకుండా పోయాడు."

"డ్యూటీ దిగాక సంచిలో లెక్క తక్కువొస్తే మేం ఏం చేసేవాళ్లమో తెలుసా? ఎవరు మోసం చేశారు, ఎక్కడ పోయిందని వెతుక్కునేవాళ్లం కాదు. మన జేబులోంచి పెట్టేసి, లెక్క సరిచేసి, ఇంటికొచ్చేవాళ్లం. నిద్ర పట్టేది. ఇదీ అంతే. నా పెన్షన్‌లోంచి ఎంతో కొంత వాడి మొహాన కొడతాను. పీడ పోతుంది."

"పోదు మామయ్యా! పీడ అప్పుడే మొదలవుతుంది. లాయరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది."

"లాయర్లకేం, చెప్తారు."

ఆమెకు ఒళ్లు మండింది. గిన్నెలు కావాలని చప్పుడయ్యేలా సర్దింది. ఈ మనిషి ఒకరి చిల్లర ఉంచుకున్నవాడు కాదు. రావాల్సిన చిల్లర మరిచిపోయి దిగిపోయిన ప్రయాణికుడి వెనక బస్సు ఆపించి పరిగెత్తినవాడు. అలాంటివాణ్ని పట్టుకుని ఎవడో ఫోన్లో దొంగని చేస్తే, ఆయనేమో నిజమేనేమోనని తల వంచుకుంటున్నాడు. ఆమె కోపం నిజానికి ఆ తల వంచుకోవడం మీద. డబ్బు సంగతి తర్వాత. మెషీను ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది వస్తుంది.

చేతులు తుడుచుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. లాయరమ్మ తెరిచిన ఆ కిటికీ గుర్తొచ్చింది. అది తెరిచింది తనకోసం కాదనీ, ఈయనకోసమనీ ఇప్పుడు అర్థమైంది.

"సరే. డబ్బు మీది, పేరు మీది. నేను అడ్డు రాను. ఒక్కటడుగుతాను. అన్నేళ్ల సర్వీసులో టికెట్ చింపకుండా ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకున్నారా?"

"ఛ! ఏం మాటలవి?" ఆయన నిటారుగా కూర్చున్నారు.

"మరి శుక్రవారం ఆ వచ్చేవాడు కూడా మీ దగ్గర అలా తీసుకోకూడదు కదా. ముందు టికెట్ అడగండి. అందులో ఏముందో చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆ రాత్రి ఆయన ఫోన్ తీసుకొచ్చి ఆమె దిండు పక్కన పెట్టి వెళ్లారు. అదే పదివేలు అనుకుంది ఆమె.

*

శుక్రవారం లాండ్రీకి గిరాకీ ఎక్కువ. వారం చివర ఊళ్లు తిరిగేవాళ్లంతా అప్పుడే బట్టలు గుర్తొచ్చి పరిగెత్తుకొస్తారు. టీచరమ్మ తన కర్టెన్ల కోసం నిలబడి ఉంది. హోటల్ వడ్డనతను బల్లగుడ్డల మూట దించి లెక్క చెబుతున్నాడు. ఇంకో ఇద్దరు తలుపు దగ్గర ఉన్నారు. మామగారు ఒక్కో బట్టకు నెంబరు చీటీ పిన్నుతో గుచ్చి, రెండో సగం చింపి చేతికిస్తున్నారు. ఆ చింపడంలో ఒక విసురుంది, చప్పుడుంది. టికెట్టు చింపిన చేతులవి.

ఆయన చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉండటం ఆమె పొద్దున్నే చూసింది. ఏమీ అనలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే.

వసూళ్ల మనిషి టై కట్టుకుని వచ్చాడు. మనుషుల ముఖాలకంటే ముందు వాళ్ల బట్టల మీది మరకలు చూడటం ఆమె అలవాటు. లేత నీలం చొక్కా, జేబు అడుగున కలం కారి నాణెమంత సిరా మరక, దాని చుట్టూ ఎవరో తడిగుడ్డతో రుద్ది పాడుచేసిన మసక. ఆ తర్వాత ముఖం చూసింది. ఫోన్లో గొంతు ఇతనిది కాదు. వయసు పెద్దగా లేదు. నిద్ర చాలని కళ్లు.

అతను వరసలో నిలబడలేదు. పక్కగా వెళ్లి, మూలనున్న పాత ఫ్రిజ్ మీద తన తోలు సంచి పెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించాడు. అందరికీ వినపడేలా గొంతు పెంచాడు. "సార్, మీ పాత బాకీ విషయం. చాలాకాలంగా తప్పించుకు తిరుగుతున్నారు."

షాపులో మాటలు ఆగిపోయాయి. మామగారి చేతిలో పిన్ను ఆగింది. ఆయన మెడ నుంచి చెవులదాకా ఎర్రబడటం ఆమెకు కనిపించింది. ఆమె చేతుల కింద ఆవిరి ఇస్త్రీ బుసకొడుతోంది. అడుగున టీచరమ్మ కర్టెన్. వదిలితే ముద్రపడిపోతుంది. వదిలేసి వెళ్లి ఆ మనిషి టై పట్టుకోవాలనిపించింది. పళ్లు బిగబట్టి కర్టెన్ అంచు జరిపింది.

"నలుగురిలో ఎందుకులే బాబూ," అన్నారు మామగారు, కోట్ల వెనక మాట్లాడే ఆ చిన్న గొంతుతో.

"నేనూ అదే అంటున్నా సార్. ఇప్పుడొక చిన్న మొత్తం ఇవ్వండి, ఈ కాగితం మీద సంతకం పెట్టండి. నా పని అయిపోతుంది, మీ పనీ అయిపోతుంది."

మామగారి చెయ్యి జేబులోకి వెళ్లింది. నోట్లు బయటికొచ్చాయి. అవి పొడుగ్గా మడిచి ఉన్నాయి. వాటిని చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పట్టుకున్నారు, బస్సులో పట్టుకున్నట్టే. ఆమె ఇస్త్రీ ఎత్తి అలాగే పట్టుకుంది. అయిపోయింది, ఇచ్చేస్తున్నాడు అనుకుంది.

వసూళ్ల మనిషి చెయ్యి చాచాడు.

"టికెట్?" అన్నారు మామగారు.

"ఏంటి సార్?"

"రసీదయ్యా. ముందు రసీదు."

"అది తర్వాత ఆఫీసునుంచి పోస్టులో వస్తుంది సార్. ముందు సంతకం."

మామగారి కనుబొమలు ముడిపడ్డాయి. డబ్బు ముందు పుచ్చుకుని టికెట్ తర్వాతిస్తాననేవాణ్ని ఏమంటారో ఆయనకు తెలుసు. అలాంటివాళ్లను చెకింగులో పట్టుకుని ఉద్యోగంలోంచి పీకేస్తే కళ్లారా చూసినవాడు. కానీ నోట్లు ఇంకా వేళ్ల మధ్యే ఉన్నాయి.

"సరే, ఆ కాగితంలో ఏం రాశారు? కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను. చదువు."

"మామూలేనండీ. ఇలా ఇచ్చినట్టు..." అని అతను గొణిగాడు.

"నాకు ఈ చెవి పనిచెయ్యదు బాబూ. ఇంజను పక్కన నిలబడి నిలబడి పోయింది. గట్టిగా చదువు."

అది ఎత్తుగడ కాదు, ఆయన కుడిచెవి నిజంగానే అంతంతమాత్రం. అతను కాస్త గొంతు పెంచాడు. మామగారు చెయ్యి చెవి వెనక పెట్టుకుని ఇంకా ముందుకు వంగారు. "గట్టిగా!" ఈసారి అది కోట్ల వెనకటి గొంతు కాదు, చివరి సీటుదాకా వెళ్లే గొంతు. హోటల్ వడ్డనతను ఉలిక్కిపడి బల్లగుడ్డల లెక్క తప్పాడు. వసూళ్ల మనిషి కూడా ఆ గొంతుకు తెలియకుండానే లొంగిపోయి, బడిపిల్లాడిలా కాగితం ఎత్తి పట్టుకుని చదివాడు.

"...పై మొత్తం బాకీ, దానిపై ఇప్పటివరకూ అయిన వడ్డీ నేను ఇవ్వవలసి ఉన్నదని పూర్తిగా అంగీకరిస్తూ... నేడు చెల్లించినది మొదటి వాయిదాగా... మిగిలిన మొత్తం నెలనెలా తప్పక చెల్లించగలనని..."

అతని గొంతు అక్కడ తగ్గింది.

"మొదటి వాయిదానా?" అన్నారు మామగారు. "ఇదిస్తే అయిపోతుందన్నావు కదా ఇప్పుడే? అందరూ విన్నారు."

"అంటే, సార్, అది..."

"అయిపోవడమా, మొదలవడమా?"

అతను టై సర్దుకున్నాడు. టీచరమ్మ, క్లాసులో అల్లరి పిల్లల్ని చూసే చూపుతో అతన్ని చూస్తోంది. నలుగురి ముందూ పెట్టడానికి తెచ్చిన సిగ్గు ఇప్పుడు ఎవరి నెత్తిన ఉందో అందరికీ తెలుస్తోంది.

"పోనీ ఇది చెప్పు. అసలు ఏ వస్తువు బాకీ ఇది?"

వసూళ్ల మనిషి కాగితం తిప్పి చూశాడు. సంచిలోంచి ఇంకోటి తీశాడు. "గృహోపకరణం... అని ఉందండీ."

"ఏ ఉపకరణం?"

"అది... మేం బాకీలు టోకున కొన్నాం సార్. వస్తువు వివరం మా దగ్గరుండదు." అంటూ అతను ఫ్రిజ్ మీద ఆనుకున్న మోచెయ్యి మార్చాడు.

ఆమె పెదవి కొరుక్కుంది. మామగారు ఒకసారి ఫ్రిజ్ వైపు చూసి, కోడలి వైపు చూశారు. ఎక్కడ నోరు జారి 'నువ్వు ఆనుకున్నదే' అంటారోనని ఆమె కళ్లతోనే ఆయన్ను బతిమాలింది. ఆయన అనలేదు. నోట్లు మళ్లీ పొడుగ్గా సర్ది, నెమ్మదిగా జేబులో పెట్టుకుని, జేబు మీద ఒకసారి తట్టుకున్నారు.

"నేను బాకీ పడితే ఒక పెద్దాయనకి పడతాను. నీకెందుకు పడతాను? నువ్వెవరు? నా టికెట్ నీ దగ్గర లేదు. ఏ బస్సో నీకు తెలీదు. వెళ్లిరా బాబూ."

"కోర్టుకెళ్లాల్సొస్తుంది సార్," అన్నాడతను, బరువులేని గొంతుతో.

కర్టెన్ పని అప్పటికి అయిపోయింది. ఆమె ఇస్త్రీ నిలబెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వెళ్లండి. కాగితం వస్తే మేమూ వస్తాం. గడువు ఎప్పుడో దాటిందని జడ్జిగారి ముందే చెప్తాం. పోలీసులన్నారట, ఆ మాట కూడా చెప్తాం. ఇంకేమైనా ఉంటే రాసి పంపండి, ఫోన్లు చెయ్యకండి. పక్కకు జరగండి, వరసలో టీచరమ్మ గారున్నారు."

అతను సంచి తీసుకుని వెళ్లిపోయాడు. మామగారు ఆగిపోయిన పిన్ను గుచ్చి, చీటీ సగం చింపి హోటల్ వడ్డనతని చేతిలో పెట్టారు. ఆ తర్వాత కోడలి వైపు తిరగకుండానే అడిగారు.

"ఆ కాగితం ఏదమ్మా? సంతకం పెట్టాలన్నావు."

"అబద్ధమన్నారుగా?"

"ఈ మనిషి దగ్గర ఒప్పుకోవడం లేదని కదా రాసుంది. అది నిజమే."

*

ఆ తర్వాతి వారం, ఎండ ఎదురు గోడ ఎక్కుతున్న వేళ, షాపులో ఎవరూ లేనప్పుడు వసూళ్ల మనిషి మళ్లీ వచ్చాడు. టై లేదు. సంచీ లేదు. చేతిలో మడిచిన లేత నీలం చొక్కా ఉంది. అతను గుమ్మంలోనే ఆగిపోవడం చూసి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఉత్తరం అందిందా మీవాళ్లకి?"

"అందింది మేడమ్. మీ ఫైలు పక్కన పెట్టారు. నేను దానికోసం రాలేదు. ఈ మరక..."

ఆమె చొక్కా అందుకుని కౌంటర్ మీద పరిచింది. వేలితో మరక అంచు తడిమింది. "దీన్ని రుద్దిందెవరు?"

"మా అమ్మ."

"రుద్దకూడదు. ఎంత రుద్దితే అంత పాకుతుంది. అయినా పోతుందిలే, ఉండండి." మూలకు వెళ్లి గుడ్డపట్టీ విప్పి ఫ్రిజ్ తలుపు తెరిచింది. స్పిరిట్ సీసా, దూది తీసుకుంది. అతను ఆ తలుపునూ, లోపలి అరలనూ, ఆరిపోయిన బల్బునూ అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఇదేనా మేడమ్?" అన్నాడు మెల్లగా.

"ఏది? నేనేమీ ఒప్పుకోవడం లేదు," అంది ఆమె.

అతను నవ్వాడు. మొదటిసారి ముఖంలో మనిషి కనిపించాడు. మామగారు కూడా నవ్వారు, ఆయన నవ్వుకు ఫ్రిజ్‌లోని గాజు అర గలగలమంది.

మరక కింద తెల్లగుడ్డ పెట్టి, దూదితో అంచునుంచి లోపలికి అద్దుతూ ఉంది ఆమె. కింది గుడ్డలోకి నీలం దిగుతోంది. గుడ్డ జరిపి మళ్లీ అద్దింది. అతను వెళ్లకుండా నిలబడే ఉన్నాడు. దూది వైపే చూస్తూ మాట్లాడాడు.

"మా అమ్మకీ ఫోన్లొస్తున్నాయి. మా కంపెనీ కాదు, వేరేవాళ్లు. ఎప్పుడో నాన్నగారున్నప్పుడు కుట్టుమిషను కొందట. రోజూ నేను బయట చేసేది ఇదేగా, నాకు తెలీదా? సంతకం పెట్టకు, ఏమీ ఇవ్వకు అని మొత్తుకుంటున్నాను. వినదు. నీకు సిగ్గులేదు, నాకుంది అంటుంది. రేపు వెళ్లి కొంత కట్టేస్తానంటోంది." అతను మామగారి వైపు తిరిగాడు. "సార్ ఒక్కసారి మాట్లాడతారా ఆవిడతో?"

ఆమె చెయ్యి ఆగింది. ఇంత పని చేసొచ్చి, ఇప్పుడు సాయం కూడానా అని నోటిదాకా వచ్చింది. మామగారు అప్పటికే చెయ్యి చాచారు, ఫోన్ ఇమ్మన్నట్టు.

ఈసారి ఆయన కోట్ల వెనక్కి వెళ్లలేదు. కౌంటర్ దగ్గరే కూర్చుని, ఎడమ చెవికి ఫోన్ పెట్టుకుని, వీధిలో వాళ్లు కూడా తిరిగి చూసేంత గొంతుతో మొదలుపెట్టారు.

"నమస్కారమమ్మా. మీ అబ్బాయి నా పక్కనే ఉన్నాడు. నేనెవరా? కండక్టర్ని... లేదమ్మా, వాడు బస్సులో గొడవేం పెట్టుకోలేదు. కుట్టుమిషను సంగతి... అవునవును. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు కదూ? నాకూ పట్టేది కాదు... కట్టాలనుంటే కట్టండమ్మా, వద్దనడానికి నేనెవర్ని? కానీ ముందు టికెట్ అడగండి. అందులో ఏం రాశారో మీవాడి చేత గట్టిగా చదివించుకోండి. వాడు బాగా చదువుతాడు, నేను విన్నాను."

వసూళ్ల మనిషి తల దించుకున్నాడు. అవతల ఆవిడ చాలాసేపు ఏదో చెప్పింది. మామగారు ఊ కొడుతూ విన్నారు. ఒకసారి ఛాతీ మీద వేళ్లతో తట్టుకోబోయి, చెయ్యి దారిలోనే ఆపి కౌంటర్ మీద పెట్టారు.

"సిగ్గెందుకమ్మా?" అన్నారు. "లేక ఇవ్వలేకపోయాం. ఉన్నప్పుడు ఇద్దామని వెళ్లాం. మీరు దొంగ కాదు." ఒక్క క్షణం ఆగారు. "నేనూ కాదు."

కోడలు దూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తను ఎన్ని రకాలుగా చెప్పినా ఆయన నోట రాని మాట అది. ముఖం చూడని ఎవరో ఆవిడకు చెప్పడానికి ఇప్పుడు బయటికొచ్చింది. కళ్లు మసకబారాయి, స్పిరిట్ ఘాటు వల్ల కాదు. తుడుచుకోవడానికి ఆమె సిగ్గుపడలేదు.

మామగారు ఫోన్ తిరిగిచ్చి, చొక్కా కాలర్ లోపల నెంబరు చీటీ గుచ్చారు. రెండో సగం టక్కున చింపారు. అతను జేబులో చెయ్యి పెట్టి ఎంతండీ అంటుంటే అడ్డుకుని, చీటీ ముందు అతని అరచేతిలో పెట్టారు.

"డబ్బులు చొక్కా తీసుకున్నప్పుడు. వెళ్లు, మీ అమ్మ ఎదురుచూస్తోంది."